మబ్బుల కాపలా

మా హాబెన్ ఊళ్ళో ఎవరికైనా వాన మీద కోపమొస్తే అది వెల్డా క్రోకర్ మీద తీర్చుకునేవాళ్ళు. గోధుమ కోతకొచ్చే వేళ వడగళ్ళు పడినా, ఎవరిదో పెళ్ళి విందు పచ్చిక మీద పెట్టుకున్న పూట గాలి లేచినా, మర్నాడు పొద్దున కాఫీ హోటల్లో కూచున్న ముసలాళ్ళు ఆవిణ్ణి చూడగానే మొదలెట్టేవాళ్ళు. "ఏం వెల్డా, కాస్త ముందు చెప్పకూడదూ?" అని ఒకడు. "ఇవాళ నా చొక్కాలు ఉతికి ఆరేసుకోవచ్చంటావా?" అని ఇంకొకడు. ఆవిడ ఫ్లాస్కు నిండా కాఫీ పోయించుకుని, "నువ్వు చొక్కాలు ఉతికిన రోజున వాన కాదు, జూన్‌లో మంచు పడుతుంది" అని పని మీద పోయేది.

ఆవిడ పని రోడ్లు. కాన్సాస్‌లో మా జిల్లా రోడ్లు సగానికి పైగా కంకరవే. వాన పడితే కోసుకుపోతాయి, ఎండ కాస్తే గతుకులు తేలతాయి. ముందు పొడుగాటి ముక్కు, నడుమ పెద్ద ఇనప పలక, వెనకాల ఎత్తుగా అద్దాల గది ఉన్న గ్రేడరు ఎక్కి, ఆ పలకతో కంకరని గీకి సర్దుకుంటూ పోవడం ఆవిడ ఉద్యోగం. పెళ్ళయిన కొత్తలో ఆవిడా మొగుడు ఆర్డెనూ కలిసే సేద్యం చేశారు. పశువుల ట్రక్కు తలుపు ఊడి మీద పడి ఆర్డెన్ నడుము పాడయ్యాక ఇంట్లో ఎవరో ఒకరు జీతానికి వెళ్ళక తప్పలేదు. పొలాన్ని పక్క రైతుకి కౌలుకిచ్చి, ఇంటి ముందున్న చిన్న పొలం చెక్క మాత్రం ఆర్డెన్ నెమ్మదిగా తనే చేసుకునేవాడు. వెల్డా గ్రేడరు ఎక్కింది. మళ్ళీ దిగలేదు.

మబ్బుల సంగతి ఆ తర్వాత వచ్చింది. ఊళ్ళో టైర్ల కొట్టు నడిపే గిబ్ స్టకీ, జీతం లేని మా ఫైరు దళానికి పెద్ద. ఒక వసంతంలో రోడ్డు మధ్యన గ్రేడరు ఆపించి, కిందనుంచి చెయ్యెత్తి ఒక వాకీటాకీ అందించాడు. వాతావరణ ఆఫీసు వాళ్ళు చాలా దూరంలో ఉంటారనీ, వాళ్ళ రాడార్‌కి మా వైపు మబ్బు నడుము కనపడుతుంది గానీ పాదం కనపడదనీ, కింద ఏం జరుగుతోందో మనిషే చూసి చెప్పాలనీ అన్నాడు. "మావాళ్ళంతా పగలు షాపుల్లో ఉంటారు వెల్డా. పడమటి రోడ్ల మీద ఉండేది నువ్వే. నీకు ఎలాగూ ఆకాశం కనపడుతూనే ఉంటుంది."

ఆ "ఎలాగూ" అన్న మాటని ఆవిడ తర్వాత చాలాసార్లు తిట్టుకుంది.

ఏటా మార్చిలో బడి భోజనాల హాల్లో పాఠం ఉండేది. వాతావరణ ఆఫీసు నుంచి ఒకతను వచ్చి తెర మీద బొమ్మలు చూపించేవాడు. నల్లమబ్బు అడుగున ఒకచోట గోడలాగా దిగితే అక్కణ్ణించి కళ్ళు తీయొద్దు. దానిలోంచి ఏనుగు తొండంలాగా కిందికి సాగితే, అది తిరుగుతోందా లేదా చూడండి. తిరక్కుండా ఊరికే వేలాడితే అది చిరుగు మబ్బు, దాన్ని చూసి ఊరిని భయపెట్టొద్దు. తిరుగుతుంటే మాత్రం అది టోర్నడో, ఇళ్ళని ఎత్తుకుపోయే సుడిగాలి; నేల మీద దుమ్ము లేచేదాకా ఆగకుండా చెప్పండి. హాలంతా తలలూపి, చెర్రీ పళ్ళ తీపి రొట్టె తిని ఇళ్ళకు పోయేవాళ్ళు. తెర మీద అన్నీ తేలిగ్గానే తెలిసేవి.

ఊరికి పడమట చమురు ట్యాంకుల పక్కన ఒక మిట్ట ఉంది. వెల్డా కాపలా అక్కడ. ఇల్లు కూడా అక్కణ్ణించి కనపడేంత దూరమే, ఉత్తరాన. ఏప్రిల్ వస్తే చాలు, పొద్దంతా గ్రేడరు మీద అదిరి అదిరి ఇంటికొచ్చి, బూట్లు విప్పి, ఆర్డెన్ వేయించిన బంగాళాదుంపలు రెండు ముక్కలు నోట్లో వేసుకునేసరికి వాకీటాకీ కూసేది. మళ్ళీ బూట్లు. మిట్ట మీద తన పికప్పు ట్రక్కులో కూచుని, చల్లారిన కాఫీ తాగుతూ, మెరుపు మెరిసినప్పుడల్లా మబ్బు అడుగుకేసి చూడ్డం. అలాంటి సాయంత్రాల్లో నూటికి తొంభై ఏమీ జరిగేది కాదు. ఇన్నేళ్ళలో నిజమైన తొండాన్ని ఆవిడ చూసింది తక్కువే, అవీ ఎవరి ఇంటి మీదా పడకుండా పొలాల్లోంచి పోయాయి. పికప్పు నిండా వడగళ్ళ సొట్టలు మాత్రం మిగిలాయి. ఆవిడ మిట్ట మీద ఉన్నంతసేపూ ఆర్డెన్ ఇంట్లో చిన్న రేడియో పెట్టుకుని దళం మాటలు వినేవాడు. "అందులో నువ్వు మాట్లాడకపోతే నాకు హాయిగా ఉంటుంది" అనేవాడు.

హుల్డా పెన్నర్ సంగతి జరిగిన ఏడు, మే నెలలో వరదొచ్చింది. వారం పాటు వెల్డా చీకటి ఉండగానే లేచి కోసుకుపోయిన రోడ్లు పూడ్చింది. మోకాళ్ళు వాచాయి. ఆ వారం చివర ఒక సాయంత్రం నైరుతి నుంచి పెద్ద మబ్బు లేచింది. ఆవిడ మిట్ట మీదికి వెళ్ళేసరికి వాన వెనకాల సూర్యుడు దిగిపోతూ ఆకాశమంతా పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఉంది. మబ్బు అడుగున ఒకచోట నల్లగా దిగింది. దాని కొసన ఒక మొన సాగింది.

ఆవిడ వాకీటాకీ తీసింది. "గిబ్, నైరుతిన తొండం దిగుతోంది. ఊరి వైపే."

"తిరుగుతోందా?"

మళ్ళీ చూసింది. కళ్ళల్లో రోజంతటి దుమ్ము. "తిరుగుతోందనే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా, తిరుగుతోందా?"

"సైరన్ వెయ్యి గిబ్."

సైరన్ మోగింది. ఊరంతా నేలమాళిగల్లోకి దిగింది. వెల్డా చూస్తుండగానే ఆ మొన వాడిపోయిన గుడ్డపేలికలాగా పక్కకి వంగి, రెండుగా చిరిగి, మబ్బులో కలిసిపోయింది. తిరగలేదు. ఎప్పుడూ తిరిగి ఉండదు. కాసిన్ని వడగళ్ళు పడ్డాయి, అంతే. ఏమీ లేదని గిబ్‌కి చెప్పి, ఇంటికి వెళ్ళి బట్టలతోనే మంచం మీద పడి నిద్రపోయింది.

పొద్దున గిబ్ ఇంటికే వచ్చాడు. హుల్డా పెన్నర్ నేలమాళిగ మెట్ల మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఒంటరిగా ఉండే ముసలావిడ, బడిలో వంటమనిషిగా చేసి మానేసింది. వెల్డా ఈడు వాళ్ళందరూ ఆవిడ చేతి బీన్సు కూరా, దాల్చినచెక్క రొట్టే తిని పెరిగినవాళ్ళే. ఆస్పత్రిలో ఊపిరితిత్తులకి నెమ్ము చేరి, గోధుమ పైరు రంగు తిరిగే రోజుల్లో చనిపోయింది.

ఎవరూ వెల్డాని ఒక్క మాట అనలేదు. పెద్దప్రాణం, ఎప్పటికైనా పోయేదేనన్నారు. సమాధి చేసి వచ్చాక చర్చి అడుగు హాల్లో భోజనాల దగ్గర హుల్డా కూతురు లొరీన్ వచ్చినవాళ్ళందరితోనూ మాట్లాడింది. వెల్డా తెచ్చిన బంగాళాదుంప సలాడ్ గిన్నె అందుకుని "థాంక్స్" అని బల్ల మీద పెట్టి, తల తిప్పుకుంది. లొరీన్ ధాన్యం సొసైటీలో కాటా దగ్గర పనిచేస్తుంది. గ్రేడరుకి డీజిలు అక్కడే పోయించుకోవాలి. ఆ ఏడంతా లొరీన్ అద్దం వెనకాల నుంచి రసీదు తోసేది, వెల్డా సంతకం పెట్టి తోసేది. కాటా మీదికి ట్రక్కు వస్తే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చేది.

చలికాలంలో వెల్డా టైర్ల కొట్టుకి వెళ్ళి వాకీటాకీ బల్ల మీద పెట్టింది. తన వల్ల కాదంది. గిబ్ దాని వంక చూశాడు గానీ ముట్టుకోలేదు.

"నువ్వు చూసింది చెప్పావు వెల్డా."

"చూసింది చెప్పలేదు. అనుకున్నది చెప్పాను."

కొత్తవాళ్ళు దొరకరని గిబ్ మొరపెట్టుకున్నాడు. కుర్రాళ్ళు మబ్బు వెంట ఫోటోల కోసం పరిగెడతారు గానీ ఒకచోట కూచోరు, ఉన్న దళంలో ఇద్దరికి గుండె జబ్బు, ఒకడికి చూపు ఆనదు. ఇంకెవరైనా దొరికేదాకా ఉంచుకోమన్నాడు. వాదించే ఓపిక లేక ఆవిడ దాన్ని మళ్ళీ కోటు జేబులో వేసుకుంది. ఎవరూ దొరకలేదు. గిబ్ పెద్దగా వెతికిందీ లేదు.

మరుసటి జూన్‌లో, కోతలు ఇంకో వారంలో మొదలవుతాయనగా, ఒక మధ్యాహ్నం వెల్డా మిట్టకి దక్షిణాన రోడ్డు గట్టు సర్దుతోంది. ఉక్కపోత. పడమట ఒక మబ్బు చూస్తుండగానే కాలీఫ్లవర్‌లాగా పైకి పొంగింది. వాకీటాకీలో గిబ్, వాతావరణ ఆఫీసు నుంచి ఇంకా ఏ హెచ్చరికా రాలేదనీ, కనిపెట్టి ఉండమనీ అన్నాడు. ఆవిడ ఇంజను ఆపి, అద్దాల గది తలుపు తెరిచి నిలబడింది. మబ్బు అడుగు దిగింది. దానిలోంచి తొండం సాగింది.

ఆవిడ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. మీట నొక్కలేదు.

తిరుగుతోంది. తిరుగుతోందనే అనిపించింది. పోయినసారీ అలాగే అనిపించింది కదా అనుకుంది. ఊళ్ళో మెట్లు దిగాల్సిన ముసలాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు కళ్ళ ముందు మెదిలారు. ఇంకొంచెం చూద్దామనుకుంది. తొండం సన్నబడింది. పోతుందేమోనని ఊపిరి పీల్చుకుంది. మళ్ళీ లావెక్కింది. పాఠంలో చెప్పింది గుర్తుంది, దుమ్ము కోసం ఆగొద్దని. ఆగింది. పొలం మీద ఎర్రటి దుమ్ము గుండ్రంగా లేచాక అప్పుడు మీట నొక్కి, నేల మీద సుడిగాలి ఉందనీ, ఈశాన్యానికి పోతోందనీ చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. సైరన్ మోగింది.

అప్పుడు చూసుకుంది, ఈశాన్యాన దాని దారిలో ఉన్నది తన ఇల్లే. ఫోను చేసింది. ఆర్డెన్ ఎత్తలేదు.

గ్రేడరు పరిగెత్తే బండి కాదు. పికప్పు అవతలి వైపు మలుపులో ఉంది. అంచేత ఆవిడ గ్రేడరునే తిప్పి, పలక పైకెత్తి, ఉత్తరానికి బయల్దేరింది. ముందు సుడిగాలి పోతోంది, వెనకాల ఆవిడ పోతోంది. దారిలో కరెంటు స్తంభాలు అడ్డంగా పడి ఉంటే పలక దించి పక్కకి నెట్టింది. రేకులు, కంచె తీగెలు, ఎవరిదో చెట్టు. ఒక్కొక్కటీ నెడుతూ పోయింది.

ఇల్లు నిలబడే ఉంది. కిటికీలు లేవు. ముందు వరండా లేదు. కోతమిషను పెట్టుకునే పెద్ద రేకుల షెడ్డు పునాది వరకూ లేచిపోయి, కోతమిషను పక్కకి ఒరిగి పడుంది. ఇంటి బయట నేలకి వాలుగా ఉండే నేలమాళిగ తలుపు మీద ఆర్డెన్ కూచుని ఉన్నాడు. నుదుటి మీద గీరుకుని రక్తం. చిన్న రేడియో ఒళ్ళో ఉంది.

"ఎందుకు ఫోనెత్తలేదు?" అంది.

"లోపల బల్ల మీదుంది. వరండాలో నిలబడి మబ్బు చూస్తున్నాగా." నుదురు తుడుచుకుని వేళ్ళు చూసుకున్నాడు. "చూడ్డానికి పాపిష్టిదానిలా ఉంది గానీ, నీ గొంతు వినపళ్ళేదు కదా, ఏం లేదులే అనుకున్నా. వినపడ్డాక దిగాను. తలుపు మూస్తుంటే వరండా లేచిపోయింది."

ఆవిడ గ్రేడరు నిచ్చెన దిగి, అడుగు మెట్టు మీద కూచుంది. ఆర్డెన్ లేచి, నడుము పట్టుకుని నెమ్మదిగా వచ్చి, పోయింది షెడ్డే కదా అన్నాడు. ఆ మిషను ఎలాగూ పాతదన్నాడు. ఆవిడ తను ఆగిన సంగతి చెబుదామనుకుంది. ఇతను ఇంత తేలిగ్గా అన్నాక నోరు రాలేదు.

సుడిగాలి ఊరి ఉత్తరపు కొసని తాకి పోయింది. రెండిళ్ళ పైకప్పులు లేచాయి. ఎవరూ చనిపోలేదు. కాఫీ హోటల్లో వెల్డా వల్లే బతికామన్నారు. ఆవిడ అటు వెళ్ళడం మానేసింది.

సుడిగాలి పోయిన పొలంలో కోతమిషను దించాలంటే ముందు మనుషులు నడవాలి. గోధుమలో రేకు ముక్కో మేకులున్న చెక్కో ఉంటే మిషను పళ్ళు విరిగిపోతాయి. ఆ ఆదివారం చర్చి వదిలాక ఊళ్ళో సగం మంది క్రోకర్ల పొలం చెక్కకి వచ్చారు. చేతులు చాస్తే తగిలేంత దూరంలో వరసగా నిలబడి, సంచులు పట్టుకుని, పండిన గోధుమలోంచి నెమ్మదిగా నడుస్తూ ఏరడం మొదలుపెట్టారు. వెల్డా కాసేపు నడిచాక ఎడమ పక్కన చూస్తే లొరీన్ ఉంది. కావాలని నిలబడిందో, వరసలో అలా కుదిరిందో తెలియదు.

రేకు ముక్క దొరికితే వంగడం, సంచిలో వేయడం. పొలం చివర తిరిగి రెండో వరస పట్టాక, తను కూడా అనుకోకుండా వెల్డా అంది:

"ఈసారి నేను ఆగాను లొరీన్. తిరుగుతోందని తెలిసినా చెప్పకుండా ఆగాను. మీ అమ్మ గుర్తొచ్చి. ఆర్డెన్ పోయేవాడు."

లొరీన్ నడక ఆపలేదు. "అతనికి చెప్పావా?"

"లేదు."

"చెప్పు." కొంచెం దూరం పోయాక మళ్ళీ అంది, "ఆ రోజు సైరన్ మోగితే అమ్మ దిగలేదు తెలుసా? ఫోన్ చేశాను. టీవీ చూస్తున్నా, నువ్వు నోర్ముయ్యి అంది. నేనే అరిచాను, దిగు, దిగు అని. అరిస్తే దిగింది."

వెల్డా ఒక రేకు ముక్క ఏరి సంచిలో వేసింది.

"ఆ మెట్లకి పట్టుకోడానికి కమ్మీ లేదు. తమ్ముడూ నేనూ ప్రతి క్రిస్మస్‌కీ అనుకునేవాళ్ళం, పెట్టించాలని." లొరీన్ వంగి ఒక మేకు తీసి, దాని మట్టి తుడిచి సంచిలో వేసింది. "చలికాలమంతా నిన్ను తిట్టుకున్నా. నన్ను నేను తిట్టుకోడం కంటే అది తేలిక. ఇప్పటికీ కొంచెం కోపమే ఉంది నీ మీద, లేదని అబద్ధం చెప్పను. కానీ మా అమ్మని అడ్డం పెట్టుకుని ఇంకొకళ్ళని చంపకు. ఆవిడకి నచ్చదు."

"అలసిపోయాను లొరీన్."

"కనపడుతూనే ఉంది." ఆ తర్వాత పొలం ఆ చివరిదాకా ఇద్దరూ ఏరుకుంటూనే పోయారు.

ఆ సాయంత్రం ఆర్డెన్‌కి చెప్పింది. అతను వరండా ఉండాల్సిన చోటికేసి చూశాడు. ఎంతసేపు ఆగావని అడిగాడు. తెలియదంది. ఇక మీదట తన కళ్ళు కూడా వాడుకుంటానన్నాడు, ఆవిడ గొంతు కోసం చూడనన్నాడు. కోపంతో అన్నాడో, దయతలిచి అన్నాడో వెల్డాకి అంతుపట్టలేదు. అడగలేదు కూడా. ఆ వారమంతా బంగాళాదుంపలు ఆవిడే వేయించుకుంది.

తర్వాత గిబ్ దగ్గరికి వెళ్ళి, మిట్ట మీద ఒక్కదాన్నే కూచోనని తెగేసి చెప్పింది. ఇద్దరుండాలి, లేకపోతే వాకీటాకీ కాలవలో పారేస్తానంది. గిబ్ గొణుక్కుని వెల్డింగు షాపు మైరన్‌ని పంపాడు. మైరన్ పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్కలు పికప్పు నేల మీదే ఊస్తూ, తన ఆవుల గురించీ మాజీ పెళ్ళాం గురించీ ఆపకుండా మాట్లాడతాడు. కానీ "తిరుగుతోందా?" అని అడిగితే నోరు మూసుకుని చూస్తాడు. ఇద్దరికీ ఒకటే అనిపిస్తే ఆలస్యం చేయరు. అనుమానమైతే అనుమానమనే చెబుతారు. ఆ వేసవిలో అలా చెప్పిన ఒక అనుమానానికి సైరన్ మోగింది, ఊరు దిగింది, ఏమీ రాలేదు.

ఆ పూట వెల్డా ఇంటికి పోకుండా ఊళ్ళోకి పోయింది. ఒంటరిగా ఉండే ముసలాళ్ళ ఇళ్ళన్నీ ఆవిడకి తెలుసు. ఒక్కొక్క తలుపూ తట్టి, క్షేమంగా పైకొచ్చారో లేదో చూసింది. కొందరు సంతోషించారు. కొందరు విసుక్కున్నారు. ఇప్పుడు సైరన్ మోగిన ప్రతిసారీ అలాగే తిరుగుతుంది. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకపోతే నిద్ర పట్టదు, చేస్తే మర్నాడు గ్రేడరు మీద కునికిపాట్లు.

ఆ రోజు చివరిగా వెళ్ళింది ఓటో యాంట్జ్ ఇంటికి. తలుపు తట్టితే పలకలేదు. లోపలికి వెళ్ళి నేలమాళిగ దీపం వేసి చూస్తే, ముసలాయన అడుగు మెట్టు మీద కూచుని, చేతికర్ర మీద గడ్డం ఆనించి ఉన్నాడు.

"పడ్డావా ఓటో?"

"లేదు. దిగడానికి ఒప్పుకున్న మోకాళ్ళు ఎక్కడానికి ఒప్పుకోటం లేదు. బతిమాలుతున్నా." తలెత్తి చూశాడు. "టోర్నడో వచ్చిందా?"

"రాలేదు."

"మరి నన్ను దింపావు."

"దింపాను."

ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి, ఆయన పక్కన కూచుంది. తన మోకాళ్ళ పరిస్థితీ అదేనంది. కాసేపు కూచుని, ఇద్దరూ కలిసే ఎక్కుదామంది. ఆయన కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు.